బలం పట్టున్న చక్రానికే చేరాలి

ఫోర్-వీల్ డ్రైవ్ బండిలో ఇంజిన్ బలం నాలుగు చక్రాలకూ చేరాలి. వెనక చక్రాలు పక్కకు మళ్లవు కాబట్టి వాటిని ఇంజిన్‌తో తిప్పడం తేలికే. చిక్కంతా ముందు చక్రాలతోనే. అవి స్టీరింగ్‌తో మళ్లుతూనే ఇంజిన్ బలాన్నీ అందుకోవాలి. రెండు షాఫ్టులను వంపులో కలిపే మామూలు యూనివర్సల్ జాయింటు 30 డిగ్రీలు వంగితే అవతలి షాఫ్టు ఒకే వేగంతో తిరగదు. ఒక్కో చుట్టులో రెండుసార్లు 13 శాతం మందగిస్తుంది, రెండుసార్లు 15 శాతం ముందుకు ఉరుకుతుంది. ఆ కుదుపు స్టీరింగ్‌లో తెలుస్తుంది, జాయింటునూ తినేస్తుంది.

1903లోనే నెదర్లాండ్స్‌కు చెందిన స్పైకర్ కంపెనీ నాలుగు చక్రాలకూ బలమిచ్చే పెట్రోలు కారు కట్టింది. బరువులు మోసే ట్రక్కుల కథ మాత్రం అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలోని క్లింటన్‌విల్ అనే చిన్న ఊళ్లో మొదలైంది. మళ్లుతూనే లాగగల ముందు ఇరుసు కోసం ఒట్టో జాకో, విలియం బెస్సర్‌డిక్ 1908లో పేటెంట్ పొందారు. వాళ్ల ఎఫ్‌డబ్ల్యుడి (ఫోర్ వీల్ డ్రైవ్) కంపెనీ మోడల్ బి ట్రక్కు 3 టన్నులు మోసేది. 1913లో వచ్చిన జెఫ్రీ క్వాడ్‌కైతే నాలుగు చక్రాలూ మళ్లేవి. ఈ రెండు రకాలూ మొదటి ప్రపంచ యుద్ధపు బురదలో వేల సంఖ్యలో పనిచేశాయి.

రెండో యుద్ధానికి జీపు వచ్చింది. 1940 సెప్టెంబరులో బాంటమ్ కంపెనీ తొలి నమూనాను సైన్యానికి అప్పగించింది. తర్వాత విల్లిస్, ఫోర్డ్ కలిసి 6 లక్షలకు పైగా తయారు చేశాయి. దాని ఇంజిన్ బలం 60 హార్స్‌పవరే. అయినా గుట్టలెక్కిందంటే ఆ ఘనత గేర్లది. విల్లిస్ జీపులో వేగం తగ్గించే నిష్పత్తులు ఇవి: మొదటి గేరు 2.665, బలాన్ని రెండు ఇరుసులకూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో లో-రేంజి (నిదానపు గేరు) 1.97, ఇరుసులో 4.88. మూడూ గుణిస్తే దాదాపు 25.6. ఇంజిన్ నిమిషానికి 1,000 చుట్లు తిరిగితే చక్రం తిరిగేది 39 చుట్లే, అంటే బండి మనిషి నడక వేగంతో పోతుంది. వేగం తగ్గినంత మేరా తిప్పే బలం పెరుగుతుంది. రాళ్ల దారిలో నెగ్గేది ఈ నిదానమే.

ఈ జీపుల్లో ముందు, వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ (రెండు వైపులనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) లేదు. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం తిరగాలి. మట్టిలో టైరు కాస్త జారి ఆ తేడాను సర్దేస్తుంది. పొడి తారురోడ్డు మీద జారదు కనుక షాఫ్టులు, గేర్లు మెలిపడి బిగుసుకుంటాయి. టూ-వీల్‌కు మార్చే లివరు ఊడిరాదు, కొన్నిసార్లు జాయింటే విరుగుతుంది. అందుకే గట్టి రోడ్డెక్కగానే, వెనక చక్రాలకే బలమిచ్చే టూ-వీల్‌లోకి మార్చాలి.

యుద్ధం ముగిశాక రైతుల కోసం 1945లో సీజే-2ఏ అనే విల్లిస్ జీపు వచ్చింది. సైన్యం వదిలించుకున్న జీపులు కొన్నవాళ్లు వాటిని కొండల్లోకి తీసుకెళ్లారు. 1953లో కాలిఫోర్నియాలోని రుబికాన్ బాటలో జీపు జాంబొరీ అనే సామూహిక యాత్ర మొదలైంది. 1967లో యూటాలోని మోయాబ్‌లో ఈస్టర్ జీప్ సఫారీ మొదలైంది. బాట కష్టమయ్యేకొద్దీ అసలు లోపం బయటపడింది.

ఒక్కో ఇరుసులో ఉండే మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానంగానే బలం పంచుతుంది. ఒక చక్రం గాల్లోకి లేస్తే దాన్ని తిప్పడానికి బలమే అక్కర్లేదు. నేల మీదున్న రెండో చక్రానికీ అంత తక్కువే దక్కుతుంది. ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం ఒకేసారి లేస్తే, పేరుకు ఫోర్-వీల్ అయినా బండి కదలదు. దీనికి మందు లాకర్. అది రెండు చక్రాలనూ ఒకే షాఫ్టు మీద ఉన్నట్టు కలిపేస్తుంది. 2003లో జీపు రాంగ్లర్ రుబికాన్ రెండు ఇరుసులకూ లాకర్లతో, 4:1 లో-రేంజితో కంపెనీ నుంచే వచ్చింది. ముందు లాకర్ వేస్తే స్టీరింగ్ బరువెక్కుతుంది కాబట్టి ముందుగా వెనకదే వేయాలి, గండం గడవగానే తీసేయాలి.

లాకర్‌కు డబ్బు పెట్టేముందు టైర్ల గాలి చూడండి. రోడ్డు మీద 35 పీఎస్ఐ ఉన్న టైరును ఇసుకలో 15–18కి దించితే, నేలను తాకే భాగం వెడల్పు కన్నా పొడవు ఎక్కువగా పెరుగుతుంది. టైరు గుంట తవ్వకుండా ఇసుక మీద తేలుతుంది. ఇంకా తగ్గిస్తే గట్టి మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడొచ్చు. తక్కువ గాలితో వేగంగా పోతే టైరు పక్కలు వేడెక్కి చిరుగుతాయి. రోడ్డెక్కేముందు గాలి నింపడానికి కంప్రెసర్ వెంట ఉండాలి.

వాగు దాటేటప్పుడు ఇరుసుల లోపలికి గాలి ఆడనిచ్చే బ్రీదర్ గొట్టాలు చూసుకోవాలి. వేడెక్కిన ఇరుసు చన్నీళ్లలో మునగగానే లోపలి గాలి కుంచించుకుపోతుంది. గొట్టం పూడిపోయి ఉంటే సీళ్ల గుండా నీరు లోపలికి వస్తుంది. మర్నాడు ఆయిల్ పాలలా తెల్లబడి ఉంటే వెంటనే మార్చాలి. ఇంజిన్ నీరు పీల్చి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు. పిస్టన్ నీటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఇంజిన్ తిప్పి నీళ్లు బయటికి పంపాలి.

కూరుకుపోయిన బండిని లాగడానికి పట్టీని ట్రైలర్ టో బాల్‌కు ఎప్పుడూ తగిలించకూడదు. సాగే పట్టీ కుదుపుకు ఆ ఇనుప గుండు విరిగి ఎగిరితే మనుషుల ప్రాణాలు పోతాయి. ఛాసిస్‌కు బోల్టులతో బిగించిన, బరువు రేటింగ్ ఉన్న కొక్కేనికే తగిలించాలి. చుట్టుపక్కల వాళ్లంతా పట్టీ పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో నిలబడాలి.