రెండో బాంబుకు విడిగా ఉత్తర్వు లేదు

హిరోషిమా మీద వాదన ఎప్పుడు మొదలైనా ‘బాంబు వేయకపోతే యుద్ధం ఆగేదా?’ అన్నచోటే తిరుగుతుంది. 1945 జులై 25 నాటి ఉత్తర్వు చదివితే అంతకంటే ఇబ్బందికరమైన ప్రశ్న తగులుతుంది: రెండో బాంబు వేయాలని విడిగా ఎవరైనా నిర్ణయించారా? అమెరికా సైన్యాధిపతి స్థానంలో తాత్కాలికంగా ఉన్న జనరల్ థామస్ హాండీ నుంచి వ్యూహాత్మక వైమానిక దళాల అధిపతి జనరల్ కార్ల్ స్పాట్జ్‌కు వెళ్లిన ఆ కాగితం సారాంశం ఇది: ఆగస్టు 3 తర్వాత, లక్ష్యం కంటికి కనబడే వాతావరణం దొరకగానే హిరోషిమా, కొకురా, నీగట, నాగసాకిల్లో ఒకదానిపై మొదటి ‘ప్రత్యేక బాంబు’ వేయాలి. మిగతావి తయారైనవి తయారైనట్టు అవే ఊళ్లపై వేయాలి. ఎన్ని వేయాలి, జపాన్ జవాబుకు ఎన్నాళ్లు ఆగాలి అన్న ఊసే లేదు. జపాన్‌ను లొంగిపొమ్మంటూ మిత్రరాజ్యాల పోట్స్‌డామ్ ప్రకటన వెలువడింది ఆ మర్నాడు. అందులో అణుబాంబు ప్రస్తావన లేదు, చక్రవర్తిని ఉంచుతామన్న మాటా లేదు.

ఊళ్ల జాబితాలో అంతకుముందు క్యోటో ఉండేది. అమెరికా యుద్ధ మంత్రి స్టిమ్సన్ పట్టుబట్టి దాన్ని కొట్టించాడు. నాగసాకి చివర్లో చేరింది.

ముందు జనం లేని చోట పేల్చి చూపిద్దామని జూన్ 11న చికాగో అణు శాస్త్రవేత్తలు రాసిన ఫ్రాంక్ నివేదిక కోరింది. ఒపెన్‌హైమర్, ఫెర్మి, లారెన్స్, కాంప్టన్‌ల శాస్త్రవేత్తల బృందం అయిదు రోజులకే కాదంది: యుద్ధాన్ని ముగించగల ప్రదర్శన ఏదీ తమకు తోచలేదని. బాంబు పేలకపోతే పరువు పోతుందన్న భయమూ ఉంది. అప్పటికి తొలి అణుబాంబు పరీక్ష ట్రినిటీకి ఇంకా నెల గడువుంది మరి. జులైలో శాస్త్రవేత్త జిలార్డ్ 70 మంది సంతకాలతో రాసిన అర్జీ అధ్యక్షుడు ట్రూమన్ దాకా చేరనే లేదు.

ఇక నాగసాకి. రెండో దాడి ఆగస్టు 11న అనుకున్నది, వాతావరణం చెడుతుందని 9కి జరిపారు. బాంబు మోసిన బాక్స్‌కార్ విమానంలో ఇంధన పంపు పనిచేయక 600 గ్యాలన్లకు పైగా పెట్రోలు అందకుండా పోయింది. కొకురా మీద మూడుసార్లు తిరిగినా పొగ, మబ్బుల్లో లక్ష్యం కనబడలేదు. నాగసాకికి మళ్లి 11.02కు ఉరకామి లోయపై వేశారు, గురిపెట్టిన చోటికి సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో. ఆ ఏడాది చివరికి హిరోషిమాలో దాదాపు 1.40 లక్షల మంది, ఇక్కడ దాదాపు 70 వేల మంది చనిపోయారని అంచనా.

అదే రోజు సోవియట్ సేనలు జపాన్ చేతిలో ఉన్న మంచూరియాలోకి దిగాయి. టోక్యోలో ఆరుగురు సభ్యుల యుద్ధ మండలి కూర్చుని ఉండగానే నాగసాకి వార్త వచ్చింది. అయినా లొంగుబాటు షరతులపై 3-3 చీలిక అలాగే ఉండిపోయింది. ఆగస్టు 10న ట్రూమన్, తన అనుమతి లేకుండా ఇంకో బాంబు వేయొద్దన్నాడు. అధ్యక్షుడు చేయిపెట్టి ఆపడం అదే మొదలు. మూడోది 17, 18 తేదీల తర్వాత వేయడానికి సిద్ధమవుతోంది.

పది లక్షల మందికి పైగా అమెరికన్ సైనికులు చనిపోవడమో గాయపడడమో తప్పిందన్న లెక్క అందరి నోటా పడింది 1947 ఫిబ్రవరిలో స్టిమ్సన్ వ్యాసం తర్వాతే. 1945 జూన్ 18న ట్రూమన్ ముందు సైన్యాధిపతి మార్షల్ చెప్పింది వేరు: జపాన్ దక్షిణ ద్వీపం క్యూషూపై తలపెట్టిన దాడి తొలి 30 రోజుల్లో నష్టం ఫిలిప్పీన్స్‌లోని లుజాన్ పోరులో జరిగినదాన్ని, అంటే చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, గల్లంతైనవాళ్లు కలిపి 31 వేలను మించదని. ఆ తర్వాతి నెలల మాటేమిటన్నది నిజంగానే తేలని విషయం, కాబట్టి స్టిమ్సన్‌ది ఉత్త అబద్ధమని కొట్టేయడమూ తొందరపాటే.

యుద్ధాన్ని ఏది ముగించిందన్నదానికి చక్రవర్తి మాటల్లోనే రెండు జవాబులున్నాయి. ఆగస్టు 15న ప్రజలకు వినిపించిన ప్రకటనలో ‘క్రూరమైన కొత్త బాంబు’ ఉంది, సోవియట్ లేదు. 17న సైనికులకిచ్చిన ప్రకటనలో సోవియట్ ఉంది, బాంబు లేదు.