ఒక్క పౌండుకు చేతులు మారిన క్లబ్బు

ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ క్లబ్బుల డబ్బు వ్యవహారాలు చూడటానికి 2025 జూలైలో ఒక చట్టం వచ్చింది. దాని కింద స్వతంత్ర నియంత్రణ సంస్థ ఏర్పడింది. ఆట సంగతి ఆటవాళ్లే చూసుకుంటారు, ప్రభుత్వానికి ఇందులో పనేంటి అన్న మాట అక్కడ వందేళ్లకు పైగా చెల్లింది. ఇక చెల్లదని తేలడానికి ముఖ్య కారణం బరీ అనే చిన్న ఊరి క్లబ్బు.

మాంచెస్టర్‌కు ఉత్తరాన, కాస్త దూరంలో ఉండే ఒకప్పటి నూలు మిల్లుల ఊరు బరీ. 1885లో అక్కడ క్లబ్బు పుట్టింది. గిగ్ లేన్ మైదానం కూడా అప్పటి నుంచే దానిది. 1894లో ప్రొఫెషనల్ క్లబ్బుల పోటీ అయిన ఫుట్‌బాల్ లీగ్‌లో చేరింది. 1900లో ఇంగ్లండ్ జాతీయ నాకౌట్ టోర్నీ ఎఫ్ఏ కప్పు గెలిచింది. 1903లో టోర్నీ మొత్తంలో ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా, ఫైనల్లో డెర్బీ కౌంటీని 6-0తో ఓడించి మళ్లీ గెలిచింది. ఫైనల్లో అంత తేడా మరో జట్టుకు సాధ్యం కావడానికి 116 ఏళ్లు పట్టింది. 2019 మేలో మాంచెస్టర్ సిటీ ఆ 6-0ను సమం చేసింది. ఆ తర్వాత మూడు నెలలకే బరీ లీగ్‌లో లేకుండా పోయింది.

1929 తర్వాత పై డివిజన్ ముఖం చూడని జట్టు ఇది. పక్కనే మాంచెస్టర్ యునైటెడ్, మాంచెస్టర్ సిటీ ఉండగా ఇక్కడికి ఎవరు వస్తారని అడగొచ్చు. తాతలు, తండ్రులు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చినవాళ్లు వస్తారు. 2002లో క్లబ్బు దివాలా అంచుకు వెళ్తే, అభిమానులే బకెట్లు పట్టుకుని చందాలు వసూలు చేసి నిలబెట్టుకున్నారు. నన్నడిగితే ఊరి క్లబ్బు అంటే ఇదే. కానీ చట్టం దృష్టిలో అది మామూలు ప్రైవేటు కంపెనీ. వాటాలు ఎవరి చేతిలో ఉంటే మైదానం భవిష్యత్తూ వాళ్ల చేతిలోనే.

2013లో స్టూవర్ట్ డే అనే రియల్ ఎస్టేట్ వ్యాపారి క్లబ్బును తీసుకున్నాడు. టికెట్ల మీద వచ్చే ఆదాయానికీ ఆటగాళ్ల జీతాలకూ పొంతన లేకుండా పోయింది. అప్పుల కోసం గిగ్ లేన్ తాకట్టులోకి వెళ్లింది. చివరికి స్టేడియం కార్ పార్కింగ్‌లోని స్థలాలను కూడా పెట్టుబడిదారులకు అమ్మారు. 2018 డిసెంబరులో ఆయన ఒక్క పౌండుకు క్లబ్బును స్టీవ్ డేల్ అనే వ్యాపారికి అప్పగించాడు. బరీలో ఫుట్‌బాల్ జట్టు ఉందన్న సంగతే తనకు అంతకుముందు తెలియదని డేల్ తర్వాత రేడియోలో చెప్పాడు. క్లబ్బు నడపడానికి చేతిలో డబ్బుందో లేదో చూపించకముందే చేతులు మారడానికి లీగ్ నిబంధనలు అడ్డుపడలేదు. అసలు లోపం ఇక్కడుంది. డబ్బు చూపించమని ముందే అడిగి ఉంటే కథ అక్కడే ఆగేది.

జీతాలు సరిగ్గా అందకపోయినా ఆటగాళ్లు మాత్రం తమ పని చేశారు. కోచ్ ర్యాన్ లో (Lowe) శిక్షణలో 2019 వసంతంలో నాలుగో అంచె అయిన లీగ్ టూలో రెండో స్థానంలో నిలిచి పై అంచెకు ప్రమోషన్ తెచ్చారు. ఆ వేసవిలో, బాకీలు పూర్తిగా కట్టలేక, అప్పులవాళ్లతో రాజీ ఒప్పందం కుదుర్చుకున్నారు. దానికి శిక్షగా 12 పాయింట్లు కోత పడ్డాయి. బకాయిలు తీర్చడానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పలేకపోవడంతో సీజన్ మొదలయ్యాక మ్యాచ్‌లు ఒక్కొక్కటే నిలిపేశారు.

ఆగస్టు 27న గడువు. కొత్త కొనుగోలుదారులు వస్తున్నారన్న ఆశతో అభిమానులు వందల మంది చీపుర్లు, బకెట్లు పట్టుకుని స్టేడియానికి వచ్చారు. కుర్చీలు తుడిచారు, మెట్ల సందుల్లో మొలిచిన కలుపు పీకారు. వచ్చే మ్యాచ్‌కు అంతా సిద్ధంగా ఉండాలని వాళ్ల తాపత్రయం. ఆ మధ్యాహ్నమే కొనుగోలు బేరం చెడింది. రాత్రికి లీగ్ బరీని బహిష్కరించింది. 125 ఏళ్ల సభ్యత్వం ఆ రాత్రితో తెగిపోయింది. ఆ వార్త చదివినప్పుడు నన్ను ఎక్కువగా కలచివేసింది ఆ చీపుర్ల సంగతే.

ఆ ఏడాది చివర్లో జరిగిన ఎన్నికల్లో కన్సర్వేటివ్ పార్టీ తన మేనిఫెస్టోలో, ఫుట్‌బాల్ అభిమానుల ఆధ్వర్యంలో ఆట పాలనపై సమీక్ష జరిపిస్తామని రాసుకుంది. 2021 ఏప్రిల్‌లో పెద్ద క్లబ్బులు సూపర్ లీగ్ పేరుతో సొంత పోటీ పెట్టుకుని విడిపోవాలని చూడటంతో ఆ పని ఊపందుకుంది. కన్సర్వేటివ్ ఎంపీ ట్రేసీ క్రౌచ్ నేతృత్వంలో ఆ ఏడాది నవంబరులో వచ్చిన నివేదిక నియంత్రణ సంస్థ కావాలని తేల్చింది. ఆ మేరకు తెచ్చిన బిల్లు 2024 ఎన్నికల వల్ల మురిగిపోయింది. లేబర్ ప్రభుత్వం దాన్ని మళ్లీ తెచ్చి చట్టం చేసింది. ఆ చట్టం ప్రకారం క్లబ్బు నడపాలంటే లైసెన్సు కావాలి, యజమాని డబ్బు ఎక్కడిదో చెప్పాలి, అనుమతి లేకుండా సొంత మైదానాన్ని అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు.

బరీ అభిమానులు అంతదాకా ఆగలేదు. కొందరు కొత్త క్లబ్బు పెట్టి పక్కనున్న ర్యాడ్‌క్లిఫ్‌లో ఆడించారు. ఇంకొందరు ప్రభుత్వ సాయం తోడు చేసుకుని 2022లో గిగ్ లేన్‌ను కొన్నారు. రెండు వర్గాల మధ్య మాటలు గట్టిగానే నడిచాయి. కలవాలా వద్దా అన్న మొదటి ఓటింగ్ వీగిపోయింది, 2023లో రెండోసారి నెగ్గింది. తొమ్మిదో అంచె మ్యాచ్‌లకు గిగ్ లేన్‌కు వేల మంది వచ్చారు. 2025లో జట్టు ఎనిమిదో అంచెకు ఎక్కింది.

కొత్త చట్టం పై అయిదు అంచెల క్లబ్బులకే వర్తిస్తుంది. దాని రక్షణ కిందికి రావాలంటే 2025లో చేరిన ఎనిమిదో అంచె నుంచి బరీ మూడు మెట్లు ఎక్కాలి.