కారు ఒరగడం వేరు, పట్టు తప్పడం వేరు

తిరుమల కొండ దిగే పాత ఘాట్ రోడ్డు 1944లో తెరిచారు. ఎక్కే వాహనాలకు 1974లో రెండో దారి వచ్చాక ఇది దిగే దారిగా స్థిరపడింది. సుమారు 19 కిలోమీటర్ల పొడవునా 36 మెలికల మలుపులు. వాటిలో కారు పక్కకు ఒరిగి, వెనక సీట్లోని వాళ్లు ఒకరి మీద ఒకరు వాలిపోతుంటే, కొత్తగా కారు నేర్చుకున్న వారికి ముందుగా తోచేది ఒక్కటే: గట్టి స్ప్రింగులు వేయించి కారు ఎత్తు తగ్గించాలి. సస్పెన్షన్, అంటే చక్రాలను కారు శరీరంతో కలిపే స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్ల అమరిక, మార్చుకోవాలనే ఉత్సాహం మంచిదే. కానీ స్ప్రింగులతో మొదలుపెట్టడం వరస తప్పిన పని అని నా గట్టి నమ్మకం.

ఒక లెక్క చూద్దాం. వెయ్యి కిలోల కారు 15 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపును గంటకు 25 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోందనుకుందాం. దాని గురుత్వ కేంద్రం నేల నుంచి 55 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం మీటరున్నర. అప్పుడు లోపలి చక్రాల మీది భారంలో సుమారు 120 కిలోలు బయటి చక్రాల మీదికి మారుతుంది. ఈ లెక్కలో వేగం, వ్యాసార్ధం, బరువు, ఎత్తు, వెడల్పు ఉన్నాయి. స్ప్రింగు ఎక్కడా లేదు! ఎంత గట్టి స్ప్రింగు వేసినా దాదాపు అంత భారమూ మారే తీరుతుంది. కారు తక్కువ ఒరుగుతుంది, స్టీరింగుకు త్వరగా స్పందిస్తుంది, నడిపేవారికి ధైర్యం వస్తుంది. ఆ ధైర్యానికి తగినంత పట్టు మాత్రం టైర్లకు కొత్తగా రాదు.

పట్టు పుట్టేది టైరు నేలను తాకే చోట. ఒక్కో టైరుకు ఆ చోటు అరచేయంత. భారం రెట్టింపైనా టైరు పట్టు రెట్టింపు కాదు, అంతకన్నా తక్కువే పెరుగుతుంది. అందుకే లోపలి టైరు పోగొట్టుకున్న పట్టును బయటి టైరు పూర్తిగా పూడ్చలేదు. ఎడమ కుడి చక్రాల సస్పెన్షన్‌ను కలుపుతూ కారు ఒరగడాన్ని తగ్గించే ఉక్కు కడ్డీ, యాంటీ రోల్ బార్, చేసే పని కూడా ఇక్కడే అర్థమవుతుంది. ముందువైపు బార్‌ను లావుగా వేస్తే భారం మార్పిడిలో ఎక్కువ వాటా ముందు టైర్లు మోస్తాయి, కారు మలుపు తిరగకుండా ముందుకే తోసుకుపోతుంది. వెనకవైపు లావు చేస్తే వెనక భాగం పక్కకు జారే స్వభావం పెరుగుతుంది. దిగుడులో బ్రేకు వేసినప్పుడు వెనక చక్రాలు అసలే తేలికపడతాయి కాబట్టి కొత్తవారు ఈ రెండో మార్పు జోలికి పోకపోవడమే క్షేమం.

నన్నడిగితే అసలు శ్రద్ధ దక్కాల్సింది షాక్ అబ్జార్బర్లకు. పేరును బట్టి కుదుపును అదే మింగేస్తుందనుకుంటాం. కుదుపును తీసుకునేది స్ప్రింగు. ఆ తర్వాత స్ప్రింగు ఊగుతూనే ఉండకుండా ఆపేది షాక్ అబ్జార్బర్. లోపల పిస్టన్ కదిలినప్పుడు నూనె సన్నని రంధ్రాల గుండా బలవంతంగా దూరి వెళ్తుంది, ఊగే శక్తి వేడిగా మారిపోతుంది. సాధారణ కారు శరీరం సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్లు ఊగేలా స్ప్రింగులను అమరుస్తారు. షాక్ అబ్జార్బర్ బలహీనపడితే గుంత దాటిన తర్వాత కూడా ఆ ఊపు ఆగదు. చక్రం పైకి లేచిన ప్రతిసారీ టైరు మీది ఒత్తిడి తగ్గుతుంది, సరిగ్గా ఆ క్షణంలో మలుపు వస్తే పట్టు తప్పుతుంది.

దీన్ని కనిపెట్టడానికి యంత్రాలేమీ అవసరం లేదు. చల్లారిన టైరు మీద అరచేతిని చుట్టూ నెమ్మదిగా రాస్తూ పోండి. ఒకచోట ఎత్తుగా, ఒకచోట పల్లంగా అలలు తగిలితే చక్రం నేల మీద గెంతుతూ నడిచిందని అనుమానించాలి. తర్వాత షాక్ అబ్జార్బర్ గొట్టాన్ని చూడండి. తడి నూనెకు దుమ్ము పట్టి నల్లని జిడ్డుగా కారి ఉంటే లోపలి సీలు పోయినట్టే. చక్రాన్ని కింది నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌కు ఉండే రబ్బరు బుష్‌లు పగిలినా, ఆ ఆర్మ్‌ను చక్రంతో కలిపే బాల్ జాయింట్ వదులైనా ముందు వాటిని మార్చాలి. మంచి టైర్లు, సరైన గాలి, కొత్త బుష్‌లు, కంపెనీ ప్రమాణాలకు తగిన షాక్ అబ్జార్బర్లు, చివరగా చక్రాల కోణాలను సరిచేసే వీల్ అలైన్‌మెంట్: ఇంతవరకే చేసినా చాలా పాత కార్లు కొత్తవాటిలా మలుపు తిరుగుతాయి.

అప్పటికీ తృప్తి లేకపోతే స్ప్రింగుల సంగతి ఆలోచించవచ్చు. స్ప్రింగును 30 శాతం గట్టి చేస్తే, ఊపు మునుపటిలాగే అదుపులో ఉండటానికి షాక్ అబ్జార్బర్ నిరోధం కూడా దాదాపు 14 శాతం పెరగాలి. పాత షాక్ అబ్జార్బర్ మీద కొత్త స్ప్రింగు బిగిస్తే ఆ జత కుదరదు. ఎత్తు తగ్గించడంలో మరో చిక్కు ఉంది. మన చిన్న కార్లలో ఎక్కువ వాటికి ముందువైపు మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉంటుంది, అంటే స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ ఒకే నిలువు స్తంభంలా కలిసిన అమరిక. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే ఇంజనీరు రూపొందించిన ఈ అమరిక 1950ల తొలి రోజుల్లో ఫోర్డ్ కాన్సుల్ వంటి కార్లతో ప్రాచుర్యంలోకి వచ్చింది. ఇందులో కారును దించితే కింది ఆర్మ్‌ల వాలు మారిపోతుంది. గురుత్వ కేంద్రం దిగినదానికన్నా, కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ ఒరిగే కేంద్రం ఎక్కువ దిగుతుంది. రెండింటి మధ్య దూరం పెరిగి, ఒరిగించే బలానికి ఇంకా పొడవైన మీట దొరుకుతుంది. అంటే కొత్త స్ప్రింగుల గట్టిదనంలో కొంత ఈ నష్టాన్ని పూడ్చడానికే ఖర్చవుతుంది.

రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ నిషేధిస్తుంది. వారంటీ, బీమా షరతులూ ముందే చదువుకోవాలి.

ఏ భాగం మార్చినా ఒక్కొక్కటిగా మార్చి, తెలిసిన మామూలు రోడ్డు మీద మునుపటి వేగంతోనే నడిపి తేడా గమనించండి. యాత్రికులతో నిండిన ఘాట్ రోడ్డు ప్రయోగాలకు చోటు కాదు. ఖాళీ కారుతో తీర్పు చెప్పేయకండి. ఐదుగురూ సామానూ ఎక్కితే వెనక స్ప్రింగులు ఎంతో కుంగుతాయి. ఎత్తు తగ్గించిన కారులో ఆ తర్వాత స్ప్రింగు ఇంకా కుంగడానికి మిగిలే చోటు అంగుళమో, అంతకన్నా తక్కువో ఉండవచ్చు. అదీ అయిపోతే, కుంగుడును చివర్లో ఆపే బంప్ స్టాప్ రబ్బరుకు తగిలి వెనక భాగం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. అందుకే ఎత్తు తగ్గించే స్ప్రింగులు కొనేముందు, నిండు బరువుతో కారును నిలిపి, వెనక చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య ఎంత ఖాళీ మిగిలిందో టేపుతో కొలవండి.