విటమిన్-ఎ సిరప్ తగవు: 1990లో తప్పిన దారి

వరంగల్, ములుగు జిల్లాల అంగన్‌వాడీల్లో ఆరు నెలలకోసారి పిల్లలకు తాగించే విటమిన్-ఎ సిరప్‌ను ఇకమీదటా అందరికీ ఇవ్వాలా, లేక గుడ్డు, ఆకుకూరల మీద దృష్టి పెట్టాలా అన్న వాదన మళ్లీ రాజుకుంది. రేచీకటిని, అంధత్వాన్ని అరికట్టేందుకు 1970లో జాతీయ కార్యక్రమం మొదలైన సంగతి, దానికి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనలు పునాది అయిన సంగతి అందరికీ తెలిసినవే. నేటి తగవుకు మూలం అక్కడ కాదు, 1990లో ఉంది.

అంతకు నాలుగేళ్ల ముందు, ఇండోనేషియాలోని అచే ప్రాంతంలో పెద్ద మోతాదు ఇచ్చిన గ్రామాల్లో పిల్లల మరణాలు 34 శాతం తక్కువగా నమోదు కావడంతో, అప్పటిదాకా కళ్ల కోసం ఇచ్చిన సిరప్‌కు ప్రాణాలు నిలిపే మందన్న పేరు వచ్చింది. 1990లో మన దేశంలోని రెండు అధ్యయనాల ఫలితాలు వెలువడ్డాయి. హైదరాబాదు పరిసర గ్రామాల్లో దాదాపు 16 వేల మంది పిల్లలతో, ఆరు నెలలకోసారి 2 లక్షల యూనిట్లు ఇచ్చి చేసిన అధ్యయనంలో మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తమిళనాడులో వారానికి 8,333 యూనిట్లు, అంటే సరైన తిండితోనే అందగలిగినంత, ఇచ్చినచోట మరణాలు 54 శాతం తగ్గాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే కొద్దికొద్దిగా, తరచుగా అందడమే మేలని తోచాలి; ప్రభుత్వ విధానం మాత్రం పెద్ద మోతాదునే పట్టుకుంది.

1994లో మూడేళ్ల లోపు వారికే కుదించిన కార్యక్రమాన్ని 2006లో ఐదేళ్ల దాకా పొడిగించి, మొత్తం తొమ్మిది మోతాదులు చేశారు. తొలి పరిశోధనలకు సారథ్యం వహించిన సి. గోపాలన్ స్వయంగా ఈ ధోరణిని తప్పుబట్టి, ఆహారమే శాశ్వత మార్గమని వాదించారు. 2013లో ప్రచురితమైన, ఉత్తరప్రదేశ్‌లో పది లక్షల మంది పిల్లలతో చేసిన అధ్యయనంలో మరణాల తగ్గుదల 4 శాతమే. గణాంకపరంగా అది నిలవలేదు, అంటే యాదృచ్ఛికంగా వచ్చిన తేడా కూడా కావచ్చు. అన్ని అధ్యయనాలనూ కలిపి చూస్తే 12 శాతం తగ్గుదల ఉందన్నది సమర్థకుల జవాబు.

2016-18 జాతీయ సర్వేలో పిల్లల్లో విటమిన్-ఎ లోపం దేశవ్యాప్తంగా, తీవ్ర ప్రజారోగ్య సమస్యగా లెక్కించే 20 శాతం హద్దుకు దిగువనే ఉన్నా, ఆ హద్దు దాటిన కొద్ది రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి కావడంతో ఇక్కడ సిరప్ ఆపమనడం తేలిక కాదు. అలాగని ఆకుకూర వాదంలోనూ చిక్కు లేకపోలేదు. ఒక భాగం విటమిన్-ఎకు ఆకుకూరల్లో ఉండి ఒంట్లో విటమిన్-ఎగా మారే బీటా కెరోటిన్ ఆరు భాగాలు చాలన్న పాత లెక్కను 2001లో అమెరికా నిపుణులు పన్నెండుకు పెంచారు. తోటకూర, మునగాకుల విలువ కాగితం మీద సగమైంది. గుడ్డు సొనలో, కాలేయంలో విటమిన్-ఎ నేరుగానే దొరుకుతుంది. ఆకుకూరలోని కెరోటిన్ ఒంటబట్టాలంటే వండేటప్పుడు కాస్త నూనె పడాలి.