"అవి మనకి కావులే": సెంట్రల్ యూనివర్సిటీల గురించి సరిహద్దు తెలుగిళ్లలో అపోహలు, వాస్తవాలు

ప్లస్ టూ ఫలితాలు రాగానే ఒడిశాలో మా బరంపురం తెలుగిళ్లలో ఒకటే చర్చ. ఇంజినీరింగా, బ్యాంకు కోచింగా, లేకపోతే నాన్న కొట్లో కూర్చోవడమా? మధ్యలో ఎవరైనా కేంద్ర ప్రభుత్వం నడిపే సెంట్రల్ యూనివర్సిటీ అన్నారంటే "అవి మనకి కావులే" అని పెద్దవాళ్లు తేల్చేస్తారు. పర్లాకిమిడిలోనూ, రాయగడలోనూ, జయపురంలోనూ ఇదే మాట విన్నాను. నేను అలాంటి యూనివర్సిటీలోనే పాఠాలు చెబుతూ, పీహెచ్‌డీ పిల్లలకి గైడుగా ఉంటూ, అడ్మిషన్ల రోజుల్లో సర్టిఫికెట్లు సరిచూసే టేబులు దగ్గర కూర్చుంటూ వస్తున్నాను. మన పిల్లలు వెనక్కి తిరిగి వెళ్లేది తెలివి చాలక కాదు. చాలాసార్లు కాగితం సరిగ్గా లేక.

అపోహ: ఆంధ్రా వెళ్తే నాన్ లోకల్ అంటారు, ఇక్కడేమో ఒడియావాళ్లకే సీట్లిస్తారు.

ఈ భయం ఊరికే పుట్టలేదు. ఆంధ్ర, తెలంగాణల రాష్ట్ర యూనివర్సిటీల్లో 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకే. అక్కడ దెబ్బతిన్న మేనమామ ఒకరు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. కానీ సెంట్రల్ యూనివర్సిటీల సంగతి వేరు. 1974లో మొదలైన హైదరాబాద్ యూనివర్సిటీ అయినా, 2009 చట్టంతో వచ్చిన మన కొరాపుట్ సెంట్రల్ యూనివర్సిటీ అయినా దేశం మొత్తానికీ ఒకే జాబితా. మల్కాన్‌గిరి పిల్లాడూ కేరళ పిల్లాడూ పక్కపక్కనే ఉంటారు. ఎస్సీలకి 15, ఎస్టీలకి 7.5, ఓబీసీలకి 27, ఈడబ్ల్యూఎస్‌కి 10 శాతం. మీదే రాష్ట్రమని అడిగే గడి సీటు లెక్కలో లేదు.

కేంద్ర ఇంజినీరింగ్ కాలేజీలైన ఎన్‌ఐటీల దగ్గర మాత్రం జాగ్రత్త. అక్కడ సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లవి. సొంత రాష్ట్రం అంటే ఇల్లున్న చోటు కాదు, ప్లస్ టూ పాసైన చోటు. పిల్లాణ్ణి ఇంటర్‌కి విశాఖలోనో విజయవాడలోనో కార్పొరేట్ కాలేజీలో వేశారంటే రూర్కెలా ఎన్‌ఐటీలో వాడు ఒడిశావాడు కాడు. లక్షలు పోసి కోటా పోగొట్టుకోవడమంటే ఇదే. ఈ ముక్క కోచింగువాళ్లు చెప్పరు.

ఇక కాగితం సంగతి. ఒక అబ్బాయి వచ్చాడు, మంచి స్కోరు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి నలగకుండా తెచ్చిన కుల ధ్రువపత్రం టేబులు మీద పెట్టాడు. తహసీల్దారు సంతకం ఉంది, సీలు ఉంది. పైన అక్షరాలు మాత్రం ఎస్‌ఈబీసీ. అది ఒడిశా ప్రభుత్వపు వెనుకబడిన తరగతుల జాబితా. కేంద్ర సంస్థలకి కావలసింది కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణిలో లేమని చెప్పే) సర్టిఫికెట్, అదీ ఆ ఆర్థిక సంవత్సరంలో తీసుకున్నది. రెండూ ఒకే ఆఫీసులో ఇస్తారు కాబట్టి రెండూ ఒకటే అనుకుంటారు. ఇంకో మెలిక: కేంద్ర జాబితా కూడా రాష్ట్రాలవారీగానే ఉంటుంది. శ్రీకాకుళంలో ఉన్న మీ చుట్టాలు ఓబీసీ అయినంత మాత్రాన గంజాంలో మీరూ ఓబీసీ కానక్కర్లేదు. ఒడిశా పేరు కింద మీ కులం ఉందో లేదో ముందే చూసుకోండి. ఫలితాలు వచ్చాక తహసీల్దారు ఆఫీసుకి పరిగెడితే పని కాదు. ఏప్రిల్ మొదట్లోనే దరఖాస్తు పెట్టేయాలి.

అపోహ: ఎంట్రెన్సు అంతా ఇంగ్లీషు, హిందీలే.

డిగ్రీ ప్రవేశాలకి 2022 నుంచి పెడుతున్న సీయూఈటీని 13 భాషల్లో రాయొచ్చు. అందులో తెలుగూ ఉంది, ఒడియా కూడా ఉంది. ఇక్కడ నా సలహా కొంతమంది తెలుగు సంఘం పెద్దలకి నచ్చదు: మీరు ఒడియా మీడియంలో చదివి ఉంటే పరీక్షా ఒడియాలోనే రాయండి. ఇంట్లో తెలుగు మాట్లాడతాం కదా అని తెలుగు పేపరు పెట్టుకుంటే "త్వరణం", "సమ్మేళనం" దగ్గరే ఆగిపోతారు. తప్పు జవాబుకి ఒక మార్కు పోతుంది కూడా. అభిమానం చూపించుకోవడానికి వేరే చోట్లున్నాయి. పీజీ ఎంట్రెన్సు మాత్రం భాషా సబ్జెక్టులు తప్పిస్తే ఇంగ్లీషు, హిందీలదే. తరగతి గదిలోనూ ఇంగ్లీషే. మొదటి సెమిస్టరు కష్టంగానే గడుస్తుంది, దాని గురించి తియ్యగా చెప్పను.

అపోహ: రీసెర్చి అంటే తెల్ల కోటు, ల్యాబు.

బరంపురం దగ్గర కేంద్ర సైన్సు విద్యాసంస్థ ఐసర్ 2016లో వచ్చాక ఈ బొమ్మ ఇంకా గట్టిపడింది. ఐసర్ మంచిదే. డిగ్రీ, పీజీ కలిసిన ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ కోసం దాని సొంత పరీక్ష ఐఏటీ రాయాలి. ప్లస్ టూలో గణితం, భౌతికం, రసాయనం, జీవశాస్త్రాల్లో కనీసం మూడు ఉంటే చాలు. లెక్కలు వదిలేసిన పిల్లలు కూడా రాయొచ్చన్న సంగతి చాలామందికి తెలీదు.

కానీ పరిశోధన అక్కడితో ఆగదు. ఋషికుల్య నది మొగ దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేలకి వేలు వచ్చి గుడ్లు పెడతాయి. గూడులో ఇసుక ఎంత వేడిగా ఉందన్నదాన్ని బట్టి పిల్ల ఆడో మగో తేలుతుంది. వేడెక్కితే ఆడవి ఎక్కువ. జీవశాస్త్రం వాళ్లకి ఇదొక పని. ఆ పక్కనే పోడంపేట. తెలుగు మాట్లాడే జాలర్ల ఊరు, సముద్రం ఇళ్లని మింగేసింది. భూగోళం చదివేవాడికి తీరపు కోత, సోషియాలజీ వాడికి ఊరు మారిన కుటుంబాలు, భాషాశాస్త్రం వాడికి ఒడియాతో కలిసిపోయిన ఆ తెలుగు. ఒక్క ఊళ్లో మూడు పీహెచ్‌డీలు ఉన్నాయి. మన పిల్లలేమో నా దగ్గరికి వచ్చి "ఏదైనా టాపిక్ చెప్పండి సార్" అంటారు.

గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులు. సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్నారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. తెలుగు, ఒడియా, హిందీతో పాటు సవరో, కోంధుల భాష కుయీయో వచ్చిన పిల్ల మీ వీధిలోనే ఉంటుంది. భాషాశాస్త్రం, ఆంత్రోపాలజీ శాఖలకి అలాంటివాళ్లు దొరకరు.

అపోహ: పీహెచ్‌డీ అంటే ముప్పై ఏళ్లొచ్చినా అమ్మానాన్నల మీద పడి తినడం.

"చదువు ఎప్పుడైపోద్ది బాబూ, నీకు జీతం ఎప్పుడొస్తాది?" అని మా అమ్మ కూడా అడిగేది. జాతీయ అర్హత పరీక్ష నెట్‌లో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్పు వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000, ఆ తర్వాత 42,000. 2023 జనవరి నుంచి ఇవే రేట్లు. హాస్టలు లేకపోతే ఇంటి అద్దె అదనం. ఎస్టీ విద్యార్థులకి కేంద్రం విడిగా ఏటా 750 ఫెలోషిప్పులు ఇస్తుంది. కొరాపుట్, గజపతి జిల్లాల పిల్లలు వీటిని అడగాల్సినంత అడగడం లేదు. ఏ ఫెలోషిప్పూ రాకపోతే సెంట్రల్ యూనివర్సిటీలో నెలకి దొరికేది 8,000. దాంతో బతకడం కష్టం, మెస్సు బిల్లుకే సగం పోతుంది. పైగా ఏ ఫెలోషిప్పయినా నెలనెలా ఠంచనుగా పడుతుందనుకోకండి. మూడు నాలుగు నెలలది ఒక్కసారి పడ్డం మామూలే. చేతిలో కొంత ఉంచుకునే చేరాలి.

నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం తెచ్చుకుంటే పీజీ లేకుండానే నెట్ రాయొచ్చు, పీహెచ్‌డీలో చేరొచ్చు. అందరికీ అంత తొందర మంచిదని నేననుకోను.

అపోహ: ప్రొఫెసర్లని తెలిసినవాళ్ల ద్వారానే పట్టుకోవాలి.

తెలియనివాళ్ల ఈమెయిళ్లు నాకు రోజూ వస్తాయి. ఎక్కువ భాగం ఒకే అచ్చు: "రెస్పెక్టెడ్ సార్, మీ పరిశోధన నాకెంతో ఆసక్తికరం". ఆ పరిశోధన ఏమిటో మాత్రం ఉండదు. పైన చూస్తే అదే ఉత్తరం నలభై మంది పేర్లతో. ఇలాంటిది చెరిపేయడానికి క్షణం పట్టదు. గుర్తుండిపోయిన ఉత్తరం రాసింది రాయగడ నుంచి ఒక అమ్మాయి. మా విద్యార్థి ఒకరి థీసిస్ శోధ్‌గంగ అనే థీసిస్‌ల వెబ్‌సైటులో చదివి, రెండో అధ్యాయంలో ఒక పట్టిక కూడిక సరిపోలేదని రాసింది. నిజంగానే సరిపోలేదు! ఆ వేసవిలో మా దగ్గర ప్రాజెక్టు చేసింది. శోధ్‌గంగలో థీసిస్‌లు చదవడానికి పైసా అక్కర్లేదు. బెంగళూరు సైన్సు అకాడమీ ఇచ్చే వేసవి ఫెలోషిప్పుకి కూడా పలుకుబడి పనిచెయ్యదు. మీరేం చేస్తారో సొంత మాటల్లో రాయాలి, మీ పని తెలిసిన టీచరు లేఖ ఒకటి జతచేయాలి.

డబ్బిస్తే జర్నల్లో పేపరు వేయిస్తామని వాట్సాప్‌లో తిరిగేవాళ్లని దగ్గరికి రానివ్వకండి. థీసిస్‌కి ముందు పేపరు తప్పనిసరన్న నిబంధనని యూనివర్సిటీలకి నియమాలు పెట్టే యూజీసీ 2022లోనే తీసేసింది. మీ యూనివర్సిటీ సొంతంగా అడుగుతుందేమో కనుక్కోండి. అడిగినా కొనుక్కున్నది చెల్లదు.

అపోహ: పెళ్లయితే ఆడపిల్ల పీహెచ్‌డీ అయిపోయినట్టే.

మామూలు గడువు ఆరేళ్లు, ఆపైన రెండేళ్లు పొడిగించుకోవచ్చు. ఆడవాళ్లకి ఇంకో రెండేళ్లు. మొత్తం మీద 240 రోజుల ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉంది. ఇది గైడు దయ కాదు, యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో రాసి ఉంది. ఆఫీసులో "అలాంటిదేం లేదమ్మా" అంటే ఆ పేజీ ప్రింటు తీసి దరఖాస్తుకి జతచేసి ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి.