ఇత్తడి పలక మీద మ్యూజియం అంకె

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న బెనిన్ రాజ్యపు ఇత్తడి బొమ్మల పలకలు చాలావాటికి ఏఎఫ్ 1898,0115తో మొదలయ్యే అంకె ఉంటుంది. ఏఎఫ్ అంటే ఆఫ్రికా. మిగతాది రిజిస్టరుకెక్కిన తేదీ, 1898 జనవరి 15. అంతకు పదకొండు నెలల ముందే బ్రిటిష్ సేనలు ఇప్పటి నైజీరియాలోని బెనిన్ నగరాన్ని పట్టుకుని, రాజభవనాన్ని దోచాయి; ఆ రాజ్యపు ఓబాను, అంటే రాజును, తర్వాత గద్దె దించాయి. దోపిడీ సొత్తులో 304 పలకలు బ్రిటన్ విదేశాంగ శాఖ ద్వారా మ్యూజియానికి చేరాయి. 203 అక్కడే ఉండిపోయాయి, మిగతావి అమ్ముడయ్యాయి.

'బెనిన్ కంచులు' అని పేరేగానీ వీటిలో ఎక్కువ భాగం ఇత్తడి. మైనంతో రూపం చేసి, పైన మట్టి పట్టించి, కాల్చి మైనం కార్చేసి, ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. ఆదిలాబాద్ ఓజాల డోక్రా పనీ ఈ పద్ధతే. మట్టి పగలగొడితేగానీ బొమ్మ బయటికి రాదు, కాబట్టి ఒక అచ్చుకు ఒకే వస్తువు. అయినా బ్రిటిష్ మ్యూజియం 1950 నుంచి 30కి పైగా పలకలను 'నకళ్లు' అని వదిలించుకుంది. కొన్నిటిని నైజీరియాయే డబ్బిచ్చి కొనుక్కుంది! కొన్ని పలకలు రాజభవనపు స్తంభాలకు జతలుగా బిగించేందుకు చేసినవని కళా చరిత్రకారుల మాట. జతను నకలు అనుకోవడం రిజిస్టరు చూపుకు తగ్గ పొరపాటే.

ప్రదర్శనలోనూ చిక్కే. ఇత్తడికి గాలిలో తేమ 40 శాతం లోపుంటే మేలు. ఉప్పు చేరిన లోహానికి తేమ తగిలితే పచ్చటి చిలుము లోపలికి తినేస్తుంది. వీటి పక్కనే పెట్టే ఏనుగు దంతపు బెనిన్ వస్తువులకు 50 శాతం దగ్గర నిలకడైన తేమ కావాలి, లేకపోతే పగుళ్లు. రెంటినీ ఒకే అద్దాల పెట్టెలో పెడితే ఏదో ఒకటి నష్టపోతుంది.

ఈ వస్తువులను నైజీరియాకు తిరిగివ్వడంలో ముందు కదిలేది కాగితం. సేకరణలోని వస్తువులను వదులుకోవడాన్ని దాదాపుగా నిషేధించే 1963 చట్టం బ్రిటిష్ మ్యూజియం చేతిని కట్టేసింది. బెర్లిన్ 2022లో 512 వస్తువుల యాజమాన్యాన్ని నైజీరియాకు రాసిచ్చింది. వాటిలో 168 పదేళ్ల అరువు మీద బెర్లిన్‌లోనే ఉన్నాయి. తరలించేవాటికి ప్రతి పగులునూ ఫోటోతో నమోదు చేయాలి, దంతమైతే అంతర్జాతీయ వన్యప్రాణి అనుమతి తీసుకోవాలి, చేరాక పెట్టె 24 గంటలపాటు తెరవకుండా ఉంచాలి. చెక్క, ఈకలు ఉన్నవాటికి ఇంకో పరీక్ష: పాత మ్యూజియాలు పురుగు పట్టకుండా ఆర్సెనిక్ పూసేవి. పూజలో చేత్తో ముట్టుకునే వస్తువు విషం మోసుకుని ఇంటికి వెళ్లకూడదు కదా.

ఎవరికివ్వాలన్నదీ తేలికగా తేలలేదు. 2023 మార్చిలో నైజీరియా అధ్యక్షుడు వీటికి యజమాని బెనిన్ ఇప్పటి ఓబాయేనని ప్రకటించాక, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం తన అప్పగింతను వాయిదా వేసింది.

వెనక్కి వెళ్లిన వస్తువు మీది అంకెను మాత్రం చెరపకూడదు. అమ్మకాల చిట్టాలతో సరిపోల్చి అది ఎవరెవరి చేతులు మారిందో పట్టుకోవడానికి ఆధారం అదే. 131 సంస్థల్లో చెదిరిన 5,000కు పైగా బెనిన్ వస్తువులను 2022లో ఒకే ఆన్‌లైన్ జాబితాలోకి చేర్చినప్పుడు పనికొచ్చింది ఇలాంటి పాత రిజిస్టరు రాతలే.