స్నేహితురాలి రెసిపీ మన గిన్నెలో ఎందుకు మారిపోతుంది?

మనసు బాగోలేనప్పుడు తినాలనిపించే వంటకం ప్రతి ఒక్కరికీ ఏదో ఒకటి ఉంటుంది. ఒకరికి వేడి వేడి సూప్, ఇంకొకరికి మెత్తగా ఉడికిన గింజలు, మరొకరికి ఇంట్లో కాల్చిన రొట్టె. ఎలా చేస్తావని స్నేహితులు అడిగితే ఎవరూ దాచుకోరు, ఉత్సాహంగానే చెబుతారు. అయినా వండి చూశాక వచ్చే మాట దాదాపు ఒకటే: "బాగానే వచ్చింది గానీ, నీ చేతి రుచి రాలేదు." ఏదో ఒక దినుసు చెప్పకుండా దాటేసిందేమో అన్న అనుమానం కూడా లోలోపల ఉంటుంది. చెప్పనిది నిజంగానే ఉంటుంది. కాకపోతే అదేమిటో చెప్పేవారికే తెలియదు.

తేలిగ్గా తెమిలే సంగతి ముందు చూద్దాం: ఉప్పు. 5 మిల్లీలీటర్ల టీస్పూన్‌లో మెత్తటి ఉప్పు సుమారు 6 గ్రాములు పడుతుంది. రేకుల్లా ఉండే ఉప్పయితే అదే స్పూన్‌లో దాదాపు సగమే పడుతుంది, మధ్యలో గాలి ఎక్కువ కాబట్టి. "ఒక స్పూన్" అని ఇద్దరూ అనుకుంటారు, ఒకరి సూప్ చప్పగా ఉంటుంది, ఇంకొకరిది నోట్లో పెట్టలేం. గ్రాముల్లో చెప్పుకుంటే ఈ గొడవ అక్కడితో తీరిపోతుంది.

వెల్లుల్లి అంత సులువుగా తీరదు. చెక్కు చెదరని రెబ్బకు పెద్దగా ఘాటుండదు. దాని కణాల్లో అల్లీన్ అనే పదార్థం ఒక అరలో, అల్లినేజ్ అనే ఎంజైమ్ ఇంకో అరలో ఉంటాయి. దంచినప్పుడు అరలు పగిలి రెండూ కలుస్తాయి, అల్లిసిన్ పుడుతుంది. ఆ ఘాటంతా దానిదే. 1944లో రసాయన శాస్త్రవేత్త చెస్టర్ కావల్లిటో, ఆయన సహచరుడు దీన్ని మొదటిసారి విడదీసి చూపించారు. బాగా వేడి తగిలితే ఎంజైమ్ చెడిపోతుంది. కాబట్టి దంచి కాసేపు పక్కన పెట్టి వేసినవారికి ఒక రుచి, దంచీ దంచగానే నూనెలో వేసినవారికి ఇంకో రుచి, రెబ్బలు అలాగే వేసి మగ్గించినవారికి మూడో రుచి వస్తుంది. రెసిపీలో మాత్రం ముగ్గురికీ "4 వెల్లుల్లి రెబ్బలు" అనే ఉంటుంది. నా దృష్టిలో దినుసుల పట్టిక కన్నా ఏది ఎప్పుడు కోశాం, ఎంతసేపు ఆగాం అన్నదే అసలు సమాచారం. దాన్ని మాత్రం ఎవరూ రాయరు.

ఇక ఉల్లిపాయ. వంటలో సగం గొడవలు దీని దగ్గరే మొదలవుతాయి. దాని బరువులో 90 శాతానికి కాస్త అటూఇటూగా నీరే. ఆ నీరు ఉన్నంతసేపూ ముక్కల వేడి 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే నిలిచిపోతుంది. మంట పెంచినా ఆ వేడంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చయిపోతుంది. ముక్కలకు ఎర్రదనం, కమ్మటి వాసన ఇచ్చేది మయార్ చర్య. అమైనో ఆమ్లాలు, చక్కెరలు వేడికి కలిసి జరిపే ఈ చర్యను ఫ్రెంచ్ శాస్త్రవేత్త లూయీ కమీ మయార్ 1912లో వివరించాడు. అది జోరందుకోవాలంటే 140 డిగ్రీల చుట్టుపక్కల వేడి కావాలి, అంటే ముక్కల పైపొర ముందు ఆరాలి. ఆ ఆరడం చెవికి తెలిసిపోతుంది. మొదట్లో బాణలి సర్రుమని మోగుతుంది. తడి తగ్గేకొద్దీ ఆ మోత పలచబడి సన్నటి చిటపటలోకి దిగుతుంది. ముక్కల అంచులు ముందు రంగు తిరుగుతాయి, పచ్చివాసన పోయి తియ్యటి వాసన మొదలవుతుంది. రోజూ వండే మనిషికి ఆ చప్పుడు మారగానే చెయ్యి దానంతటదే గరిటె మీదికి పోతుంది. ఎలా వేయించావని అడిగితే మాత్రం "10 నిమిషాలు" అంటుంది.

ఆ 10 నిమిషాలు ఆమె బాణలివి. వెడల్పు బాణలిలో ముక్కలు పలచగా పరుచుకుంటే ఆవిరి హాయిగా పోతుంది. ఇరుకు గిన్నెలో కుప్పగా పోస్తే అడుగు ముక్కల ఆవిరిలో పై ముక్కలు ఉడుకుతాయి, వేగవు. ముందే ఉప్పు చల్లితే నీరు ఇంకా తొందరగా ఊరుతుంది. గడియారం చూసి దించేస్తే ఉడికిన ఉల్లిపాయే మిగులుతుంది.

ఉండే చోటు కూడా తేడా తెస్తుంది. సముద్రమట్టం నుంచి 300 మీటర్లు పైకి వెళ్లినప్పుడల్లా నీరు మరిగే వేడి సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. కొండప్రాంతంలో ఉన్న స్నేహితురాలి గింజలు ఎంతకీ ఉడకకపోతే అది ఆమె తప్పు కాదు. కఠిన జలంలోని కాల్షియం, గింజల కణాలను అతికించి ఉంచే పెక్టిన్‌ను పట్టి బిగిస్తుంది, పులుపు ముందే వేస్తే అదీ మెత్తబడనివ్వదు. టమాటా ఎప్పుడు వేశావన్నది అందుకే అడగాల్సిన ప్రశ్న.

ఇవన్నీ రాసిచ్చేయొచ్చు కదా అనిపిస్తుంది. కొంతవరకే. 1985 ప్రాంతంలో జపాన్‌కు చెందిన మత్సుషితా కంపెనీ ఇంట్లో రొట్టె చేసుకునే యంత్రం తయారుచేయబోయి సరిగ్గా ఇక్కడే ఇరుక్కుంది. రొట్టె పైన మాడేది, లోపల ఉడికేది కాదు. మనిషి పిసికిన పిండికీ యంత్రం పిసికిన పిండికీ ఎక్స్‌రేలు కూడా తీసి చూశారు, అంతుపట్టలేదు. చివరికి ఇకుకో తనకా అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒసాకాలో రొట్టెకు పేరుపడ్డ ఒక హోటల్‌కు వెళ్లి, అక్కడి ప్రధాన వంటవాడి దగ్గర పిండి పిసకడం నేర్చుకుంది. ఆయన పిండిని సాగదీసే తీరు వేరుగా ఉందని పక్కన నిలబడి పనిచేస్తుండగా ఆమెకు తట్టింది. ఇంజినీర్లతో కలిసి నెలల తరబడి ప్రయోగాలు చేశాక, ఆ కదలిక వచ్చేలా యంత్రం లోపల ప్రత్యేకంగా పక్కటెముకల్లాంటి గట్లు పెట్టారు. ఆ వంటవాణ్ని అడిగితే చెప్పి ఉండేవాడా? అనుమానమే. ఆయనకు అది పద్ధతిగా తెలియదు, చేతి అలవాటుగా తెలుసు.

వంటింటి మనుషులకే కాదు, శాస్త్రవేత్తలకూ ఇదే చిక్కు. బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త హ్యారీ కాలిన్స్ 1970లలో ఒక రకం కార్బన్ డయాక్సైడ్ లేజర్ తయారుచేస్తున్న ల్యాబులను గమనించాడు. అచ్చయిన పరిశోధన పత్రాలు మాత్రమే చదివి పనిచేసే లేజర్ కట్టినవాళ్లు ఆయనకు ఒక్కరూ దొరకలేదు. కట్టగలిగినవాళ్లంతా, అప్పటికే కట్టినవాళ్లతో కలిసి తిరిగినవాళ్లో మాట్లాడినవాళ్లో. పరిశోధన పత్రాలకే ఆ గతి పడితే, ఇక "దోరగా వేయించాలి" అని రాసిన మన కాగితాన్ని ఏమనగలం!

రెసిపీ చేతులు మారితే ఇంకో నష్టం కూడా ఉంది. కేంబ్రిడ్జ్ మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ ఒక కథను ఒకరి నుంచి ఒకరికి చెప్పించి, అది ఎలా మారుతుందో 1932లో ప్రచురించాడు. కొత్తగా, వింతగా ఉన్న వివరాలు రాలిపోయాయి, వాటి స్థానంలో చెప్పేవారికి అలవాటైనవి వచ్చి కూర్చున్నాయి. రెసిపీ నలుగురు స్నేహితుల చేతులు దాటినప్పుడు కూడా ముందు ఎగిరిపోయేది "ఇదెందుకులే" అనిపించే అంచె. దంచిన వెల్లుల్లిని కాసేపు ఆపమనడం లాంటిది.

వంట అచ్చం అలాగే కుదిరినా నాలుకలు ఒకటి కావు. 1931లో డ్యుపాంట్ అనే రసాయన కంపెనీ ల్యాబ్‌లో ఆర్థర్ ఫాక్స్ అనే శాస్త్రవేత్త చేతిలోని పొడి గాలిలోకి లేచింది. పక్కనున్న సహచరుడు చేదు చేదని గోలపెట్టాడు, ఫాక్స్‌కు ఏ రుచీ తెలియలేదు. ఆ పదార్థాన్ని పీటీసీ అంటారు. దాని చేదు తెలియడం ఎక్కువగా ఒకే ఒక జన్యువు మీద ఆధారపడుతుందని 2003లో తేలింది. ఒకరికి హాయిగా ఉన్న ఆకుకూర ఇంకొకరికి చేదుగా ఉండటంలో అతిశయోక్తి ఏమీ లేదు.

సరే, రుచి సంగతి అది. ఊరట మాటేమిటి? తిండి ఇష్టాలు మనం పుట్టకముందే మొదలవుతాయి. గర్భిణిగా ఉన్నప్పుడో పాలిస్తున్నప్పుడో తల్లులు క్యారెట్ రసం తాగితే, తర్వాత వాళ్ల పిల్లలు క్యారెట్ రుచి ఉన్న ఆహారాన్ని ముఖం చిట్లించకుండా తిన్నారని జూలీ మెనెల్లా బృందం 2001లో చూపించింది. మనం రుచి అనుకునే దాంట్లో చాలా భాగం నమిలేటప్పుడు నోటి వెనక నుంచి ముక్కుకు చేరే వాసనే. చూపు, వినికిడి సంకేతాలు మెదడు మధ్యలో ఉండే థలామస్ అనే భాగం గుండా వెళ్లాల్సిందే. వాసనకు ఆ మజిలీ అక్కర్లేదు, భావోద్వేగాలకు, జ్ఞాపకాలకు సంబంధించిన మెదడు భాగాలకు దగ్గరి దారి ఉంది.

2011లో మనస్తత్వవేత్తలు జోర్డాన్ ట్రోయిసీ, షీరా గాబ్రియెల్ ఇంకో సంగతి గమనించారు. చికెన్ సూప్‌ను ఊరటనిచ్చే తిండిగా భావించేవాళ్లు అది తాగాక, వాళ్ల మనసులో బంధాలకు సంబంధించిన మాటలు తొందరగా మెదిలాయి. అలా భావించనివాళ్లలో ఆ ప్రభావం లేదు. సూప్ ఒకటే, తాగినవాళ్లు వేరు. 2014లో హెదర్ వాగ్నర్, ట్రేసీ మాన్ తదితర పరిశోధకులు, ఇష్టమైన తిండి దిగులు తగ్గిస్తుందన్న నమ్మకానికి గట్టి దెబ్బే కొట్టారు. దిగులు పుట్టించే వీడియోలు చూపించి, కొందరికి వాళ్లకు ఊరటనిచ్చే తిండి, కొందరికి వేరే తిండి పెట్టారు, కొందరికి ఏమీ పెట్టలేదు. కాసేపటికి అందరి మూడ్ దాదాపు ఒకేలా తేరుకుంది.

ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయని నాకనిపించదు. రెండో ప్రయోగంలో చూసింది కాసేపట్లో తగ్గిపోయే దిగులు. పైగా ల్యాబ్ వాళ్లు పెట్టిన తిండి, పెట్టిన మనిషితో ఏ అనుబంధమూ లేదు. స్నేహితురాలి రెసిపీ మొదటిసారి వండుకున్నప్పుడు మనదీ అదే పరిస్థితి: రుచి దగ్గరదగ్గరగా వస్తుంది, జ్ఞాపకం మాత్రం ఆమెది. అందుకే వీలైతే మొదటిసారి ఇద్దరూ కలిసే వండటం నయం, వీడియో కాల్‌లో అయినా సరే. ఫోన్ బాణలికి దగ్గరగా పెడితే చాలు. "ఇంకా ఆగు, తడి పోలేదు" అని ఆ చప్పుడు విని ఆమే చెబుతుంది.